సంగటి మానొద్దు... ముద్ద తగ్గించండి!

'మేడమ్! మాది చిత్తూరు జిల్లా కార్వేటినగరం. నా వయసు 41. ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. బరువు 71 కిలోలు. కిందటేడాది మా అన్న కూతురి పెళ్లికి ముందు నలభై రోజులు అన్నం, సంగటి పూర్తిగా మానేశాను. పొద్దున జ్యూసు, మధ్యాహ్నం కీరదోస ముక్కలు, రాత్రి మజ్జిగ... అంతే. ఎనిమిది కిలోలు తగ్గాను. పెళ్లిలో అందరూ మెచ్చుకున్నారు. ఆరు నెలలు తిరిగేసరికి పది కిలోలు పెరిగాను. కుట్లు వేయించుకున్న జాకెట్లకే మళ్లీ కుట్లు విప్పించాను. ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం, మోకాళ్ల నొప్పి. మా అమ్మ షుగరుతోనే పోయింది. నాకూ వస్తుందేమోనని భయం. నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నాను, అదీ తీరలేదు. వీటన్నిటికన్నా పెద్ద బెంగ ఇంకొకటి ఉంది. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి రెండు నెలలుగా రాత్రి అన్నం మానేసింది. అడిగితే 'అప్పుడు నువ్వు మానలేదా?' అంటోంది. ఏం చేయాలి?'

- పేరు రాయవద్దన్న ఒక గృహిణి

మీ ఉత్తరంలో చివరి మూడు వాక్యాలు రెండుసార్లు చదివాను. అక్కడికి తప్పకుండా వస్తాను. ముందు మీ సంగతి చూద్దాం.

నోరు కట్టుకోలేక కాదు

తగ్గిన బరువు మళ్లీ పెరిగితే 'నా నోటికి అదుపు లేదు' అని చాలామంది తమను తాము తిట్టుకుంటారు. అసలు జరిగేది వేరు. పస్తులుంటే మొదట పోయేది ఒంట్లోని నీరు. తర్వాత కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. కండ తగ్గితే ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే కేలరీలూ తగ్గుతాయి. శరీరం మాత్రం కరువొచ్చిందనుకుని ఆకలిని పెంచుతుంది. 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు 50 మందికి పది వారాలు అతి తక్కువ కేలరీల ఆహారం ఇచ్చి చూశారు. ఏడాది గడిచాక కూడా వాళ్లలో ఆకలి హార్మోన్లు పాత స్థితికి రాలేదు. కాబట్టి తప్పు మీ నోటిది కాదు, ఆ పద్ధతిది. నలభై రోజులు చేసి వదిలేసేది ఏదైనా నలభై రోజుల ఫలితమే ఇస్తుంది. అరవై ఏళ్లు వచ్చాక కూడా హాయిగా చేయగలిగేదేదో అదే నిలుస్తుంది.

సంగటి దోషా, దేవుడా?

రెండూ కాదు. 'రాగులు తింటే సన్నబడతారు' అన్న మాట ఈమధ్య బాగా వినిపిస్తోంది. వంద గ్రాముల బియ్యంలో ఎన్ని కేలరీలున్నాయో వంద గ్రాముల రాగుల్లోనూ ఇంచుమించు అన్నే ఉంటాయి... 320 నుంచి 350 దాకా. అయితే రాగుల్లో పీచు, కాల్షియం చాలా ఎక్కువ. ఆకలి త్వరగా తీరుతుంది. అందుకే సంగటి మంచిదే. కానీ పొలంలో దినమంతా వంగి పనిచేసిన మీ అవ్వ తిన్న ముద్ద, ఇంట్లో మిక్సీ, గ్యాసు, కుళాయి ఉన్న మీకు అక్కర్లేదు. సంగటి మానొద్దు, ముద్దను మూడో వంతు తగ్గించండి. నూక తగ్గించి పిండి పెంచండి. పక్కన పప్పు, కూర పెంచండి. రాత్రి అన్నానికీ ఇదే లెక్క.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పేదీ ఇదే. రోజుకు 2,000 కేలరీల భోజనంలో ధాన్యం 250 గ్రాములు, పప్పులు, గుడ్లు, మాంసం కలిపి 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలతో కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు ఉండాలంటారు. మన ఇళ్లలో ధాన్యం ఎక్కువ, కూర నంజుకోవడానికి మాత్రమే! తూకం వేయనక్కర్లేదు. పళ్లెంలో సగం కూరలు, ఆకుకూరలు ఉన్నాయా, మిగతా సగంలో సంగటితోపాటు పప్పుకీ చోటుందా... అంతే చూసుకోండి. మీకు కొత్త కూరలేమీ అక్కర్లేదు. పులగూర, మటిక్కాయల కూర, మునగాకు పప్పు, ఉలవచారు, చలికాలంలో అనపకాయల పితికిపప్పు... ఇవన్నీ మీ అమ్మ వండినవే. వీటిలో నూనె మాత్రం మీ అమ్మ వేసినంతే వేయండి.

లీటర్ల లెక్క

బరువు దొంగచాటుగా పెరిగేది నూనెతోనే. పెద్ద చెంచాడు నూనె 120 కేలరీలు. మార్గదర్శకాల ప్రకారం మనిషికి రోజుకు 27 గ్రాములు, అంటే నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు. తగ్గాలనుకునే ఇంట్లో మూడు లీటర్లతో సరిపెట్టుకోవచ్చు. నెల మొదట్లో మూడు ప్యాకెట్లు కొని పక్కన పెట్టండి. నెలాఖరుకు ముందే నాలుగోది తెప్పించాల్సి వస్తే నిప్పట్లు, మురుకులు ఎన్నిసార్లు కాల్చారో గుర్తుచేసుకోండి.

ఇక కాఫీ. రోజుకు నాలుగుసార్లు, కప్పుకు రెండు చెంచాల చక్కెర అంటే 40 గ్రాములు, 160 కేలరీలు. బెల్లం వేసినా లెక్క పెద్దగా మారదు. వారానికి అర చెంచా చొప్పున తగ్గిస్తూ రండి. నాలుక కూడా అలవాటుపడుతుంది. మామిడి కాలంలో మామిడి తినండి, అదేం పాపం కాదు. పండు కోసుకుని తినండి, చక్కెర కలిపిన రసం వద్దు. ఊరిబిండి కూడా మానక్కర్లేదు. చెనిక్కాయలు మంచివే, గిన్నెడు బదులు రెండు చెంచాలు చాలు.

ఇష్టం లేని వ్యాయామం నెల దాటదు

మీరు రోజూ నడవడం మొదలుపెట్టి పదిహేను రోజుల్లో ఆపేశారని రాయకపోయినా ఊహించగలను. ఒంటరిగా, గడియారం చూసుకుంటూ చేసేది ఎవరికైనా విసుగే. వారానికి కనీసం 150 నిమిషాలు ఒంటికి చెమట పట్టే కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే అరగంట చొప్పున అయిదు రోజులు. అది నడకే కానక్కర్లేదు.

మీ ఊరిలో వేణుగోపాలస్వామి గుడి ఉంది, స్కంద పుష్కరిణి ఉంది. ఆ స్వామి పేరుతోనే పదాలు కట్టి సారంగపాణి పాడుకున్న ఊరది. ఆటపాటలు అక్కడి మట్టిలో ఉన్నాయి. ఇద్దరు ముగ్గురు తోడు చూసుకుని సాయంత్రం కోనేటి చుట్టుపక్కల నడవండి. కోలాటం నేర్పేవాళ్లు దొరికితే వారానికి రెండు రోజులు చేరండి. అరగంట కోలాటమంటే చేతులు, నడుము, కాళ్లు, ఊపిరి అన్నిటికీ పని. మాట్లాడగలుగుతున్నారు కానీ పాట అందుకోవాలంటే ఊపిరి చాలడం లేదంటే సరైన వేగంలో ఉన్నట్లే! మీవారిని చెక్కభజనకు పంపండి. మోకాళ్ల నొప్పి తగ్గేదాకా ఎగరడం, గొంతుకూర్చోవడం వద్దు. సమతలం మీద నడక, కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా పదేసిసార్లు లేచి కూర్చోవడం చాలు. తొడ కండ గట్టిపడితే మోకాలికి భారం తగ్గుతుంది.

అలిపిరి దారిలో మెట్లు 3,550. ఇప్పుడే వద్దు. కొన్ని నెలలు నడక అలవాటయ్యాక, డాక్టరుతో ఒకసారి మాట్లాడి, మొక్కు తీర్చుకోండి. కాటా మీద అంకె కన్నా ఆ మెట్లు మంచి లక్ష్యం.

టేపు కొలత కూడా ముఖ్యమే

మీ ఎత్తుకు మీ బరువు ఎక్కువే. అయినా ఇరవై కిలోలు తగ్గాలని కూర్చోకండి. అయిదు శాతం, అంటే మూడున్నర కిలోలు తగ్గినా బీపీ, షుగరు ముప్పు తగ్గడం మొదలవుతుంది. వారానికి పావు కిలో తగ్గినా మంచిదే. నడుం చుట్టుకొలత నెలకోసారి చూసుకోండి. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటకుండా ఉండాలి.

మీ అమ్మగారి షుగరు భయానికి ఒక కబురు చెబుతాను. మీకు పొరుగునే ఉన్న చెన్నైలో షుగరు రాబోయే దశలో ఉన్న 531 మందిని దాదాపు మూడేళ్లు గమనించారు. ఫలితాలు 2006లో వచ్చాయి. తిండి సరిదిద్దుకుని, రోజూ అరగంట నడిచినవాళ్లలో షుగరు వచ్చే ముప్పు దాదాపు 28 శాతం తగ్గింది. విశేషమేమిటంటే వాళ్ల బరువు చెప్పుకోదగ్గంత తగ్గలేదు! కాటా ముల్లు కదలకపోయినా మీ కష్టం లోపల పనిచేస్తూనే ఉంటుందన్నమాట. ఒకసారి పరగడుపున షుగరు, థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. ఇప్పటికే షుగరు మాత్రలు వాడే పాఠకులు మాత్రం డాక్టరును అడక్కుండా తిండి తగ్గించకూడదు.

ఇక మీ అమ్మాయి...

మీరు నలభై రోజుల్లో ఆపేశారు. ఆమె ఆపలేదు. ఎదిగే వయసులో ఎముకకు, రక్తానికి, చదువుకు అన్నిటికీ తిండే ఆధారం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. వాళ్లకు పస్తులు పనికిరావు.

తిట్టకండి. ఆమె ముందు మీ ఒంటి గురించి, ఆమె ఒంటి గురించి 'లావు' అన్న మాట అనకండి, చుట్టాలను అననివ్వకండి. 'ఆ పెళ్లికి ముందు నేను చేసింది తప్పు, దానివల్లే ఇంకా పెరిగాను' అని నోరు తెరిచి చెప్పండి. పిల్లల దగ్గర తప్పు ఒప్పుకుంటే చిన్నతనమేమీ కాదు. రాత్రి ఎనిమిదింటికి టీవీ కట్టేసి అందరూ ఒకేచోట కూర్చుని, ఒకటే వంట తినండి. మీకు వేరుగా వండుకోకండి. కోలాటానికి ఆమెనూ తీసుకెళ్లండి, సన్నబడటానికని కాదు, సరదాకి. ఇంత చేసినా తినకపోతే, బరువు పడిపోతుంటే, నెలసరి తప్పుతుంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.

మూడు నెలల తర్వాత మళ్లీ ఉత్తరం రాయండి. మీరెన్ని కిలోలు తగ్గారన్నది చివర్లో రాసినా ఫర్వాలేదు. మీ అమ్మాయి రాత్రి అన్నం తింటోందా లేదా అన్నది మాత్రం మొదటి వాక్యంలోనే రాయండి.