దోచుకుంది తెల్లోడు, మరి కట్టేసింది ఎవరు?

బళ్ళో సాంఘికం చెబుతుంటే ప్రతి యేడూ ఎవరో ఒక పిల్లవాడు అడుగుతాడు: "సార్, మన దేశం ఒకప్పుడు అంత ధనిక దేశమైతే ఇంత బీదది ఎట్లా అయింది?" పుస్తకంలో జవాబు ఒక్కటే. తెల్లోడు దోచుకున్నాడు.

అది అబద్ధం కాదు. ఆర్థిక చరిత్రకారుడు ఆంగస్ మాడిసన్ అంచనా ప్రకారం 1700లో ప్రపంచ ఉత్పత్తిలో దాదాపు నాలుగోవంతు ఈ ఉపఖండానిది. 1950 నాటికి భారతదేశం వాటా 4 శాతం పైచిలుకు. యూరపు యంత్రాలతో ఎదగడం ఇందులో కొంత. మిగతాది ఎట్లా పోయిందో దాదాభాయి నౌరోజీ 1901లో పుస్తకం వేసి మరీ చూపించాడు. మన అద్దకం బట్ట కట్టరాదని 1721లోనే ఇంగ్లండు చట్టం చేసింది. తర్వాత తన మిల్లు బట్టను మన సంతల్లోకి దింపింది.

కానీ కథ అక్కడ ఆపేస్తే లాభం ఎవరికి?

మగ్గం పోయిందని ఏడ్చేవాళ్ళు మచిలీపట్నం కలంకారీని తలుచుకుంటారు. మాలపల్లెల్లో ముతక బట్ట నేసిన మగ్గాలను ఎవరు తలిచారు? ఇంగ్లండులో మగ్గం పోయిన నేతగాడు నానా అగచాట్లూ పడి మిల్లులోకి పోయాడు, వాడి పిల్లలు ఇంకో పనికి పోయారు. ఇక్కడ మగ్గం పోయిన మాల ఎక్కడికి పోవాలి? కొట్టు పెడితే ఊళ్ళో కొనేవాడేడీ? బడికి పోతే గడప తొక్కనిచ్చారా? భూమి ఆసామిది. మిగిలింది పాలేరుతనం. అందుకే కులం నిరుద్యోగాన్ని పుట్టిస్తుందని బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో తేల్చి చెప్పారు. పాత పని పోయినా కొత్త పనిలోకి పోనివ్వని దేశం ఎట్లా లేస్తుంది?

జపాన్ సంగతి చూడండి. 1871లో అంటరానివాళ్ళ మీది కట్టుబాట్లను చట్టంలో రద్దు చేసింది. వివక్ష పోలేదు, నిజమే. కానీ 1872లోనే పిల్లలందరికీ చదువు అని శాసనం చేసి, తరం తిరిగేసరికి ఫ్యాక్టరీలు లేపింది. మన దగ్గరో? 1951 జనాభా లెక్కల్లో చదవను రాయను వచ్చినవాళ్ళు నూటికి 18 మంది. తెల్లోడు బడులు పెట్టలేదు, సరే. పెట్టిన బడికి అడ్డం నిలబడ్డది ఎవరు?

ఇంకో మాట. ఊరికే దొరికే ఒళ్ళు ఉన్నంతకాలం యంత్రం ఎవడూ కొనడు. చేతులతో పాకీపని చేయించరాదని 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. 2023లో చంద్రుడి మీద యంత్రాన్ని దింపిన దేశంలో మ్యాన్‌హోల్‌లోకి ఇప్పటికీ మనిషే దిగుతున్నాడు. ఇది డబ్బు లేక కాదు. దిగేవాడి ప్రాణానికి వెల కట్టలేదు కనుక.

తెల్లోడు పట్టుకుపోయిన సొమ్ము తిరిగి రాదు. కులం కట్టేసిన చేతులు మాత్రం ఇక్కడే ఉన్నాయి. దేశం ఎందుకు చితికిందని ఈసారి పిల్లవాడు అడిగితే రెండు జవాబులూ చెబుదాం. సగం జవాబు చెప్పే పంతుళ్ళు ఇప్పటికే ఎక్కువయ్యారు.

భూమి, చదువు, నచ్చిన పని: ఈ మూడూ వాడకు రాకుండా లేచే ఆర్థిక వ్యవస్థ ఊరిదే గానీ దేశానిది కాదు.