మన ప్రేమ పాటకు ఎందుకు సిగ్గు?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

రాత్రి స్టడీ అవర్ అయిపోయినంక మా హాస్టల్లో ఏ రూం ముందు నుంచి పోయినా ఒకటే గొంతు వినిపిస్తది. సిద్ శ్రీరామ్. 2018లో 'గీత గోవిందం' పాటతో మొదలైంది ఈ పిచ్చి. 2020లో 'అల వైకుంఠపురములో', 2021లో 'పుష్ప' వచ్చినంక ఇంకా ముదిరింది. నాకూ ఆ పాటలు ఇష్టమే. ఇంటి మీద బెంగ పుట్టిన రోజు అవే పెట్టుకొని పడుకుంటా. కాబట్టి సినిమా పాటలు వినొద్దని చెప్పడానికి ఈ పోస్టు రాయట్లేదు.

నేను అడిగేది వేరే. సిద్ శ్రీరామ్ చెన్నైలో పుట్టి అమెరికాలో కాలిఫోర్నియాలో పెరిగిన మనిషి. ఆయన తెలుగు పలకడం మీద చాలామంది విమర్శలు చేశారు. అప్పుడు మన హాస్టల్ పిల్లలే ఆయన తరఫున వాదించారు. "పలకడం ఎట్లుంటే ఏంది, ఫీల్ వస్తుంది కదా" అన్నారు. బాగుంది, నేనూ ఒప్పుకుంటా. మరి అదే న్యాయం కోయ పాటకు ఎందుకు లేదు? మా కాలేజీ ఫ్రెషర్స్ రోజు ఒక చెల్లె స్టేజీ ఎక్కి కోయలో పాట ఎత్తుకుంది. రెండు లైన్లు కాకముందే వెనుక బెంచీల నుంచి నవ్వులు. "ఏదన్నా సినిమా పాట పాడమ్మా" అని ఒకరు అరిచారు. నవ్వినోళ్ళలో మనోళ్ళు కూడా ఉన్నారు, నాకు బాధ అక్కడ.

అర్థం కాని భాషలో పాట ఎవరు వింటారు అంటారా? జపాన్‌లో క్యూ సకమోతో అనే గాయకుడు ఉండేవాడు. 1961లో ఆయన జపనీస్‌లో ఒక మెల్లటి పాట పాడాడు. ఒంటరితనం మీద పాట అది. 1963లో అది అమెరికాలో బిల్‌బోర్డ్ లిస్టులో మొదటి స్థానానికి పోయింది. అక్కడ విన్నోళ్ళలో ఎక్కువమందికి జపనీస్ ఒక్క ముక్క రాదు. అయినా ఆ గొంతులో బాధ వాళ్ళకు అందింది. అంటే భాష అడ్డం కాదు. వినే మనసు ఉందా లేదా అన్నదే లెక్క.

కానీ ఆ కథలోనే ఇంకో సంగతి ఉంది. ఆ పాట అసలు పేరు జనానికి నోరు తిరగదని పాశ్చాత్య కంపెనీలు దానికి 'సుకియాకి' అని పేరు మార్చాయి. సుకియాకి అంటే మాంసంతో వండుకునే ఒక కూర. పాటకూ ఆ కూరకూ సంబంధమే లేదు! ఇది చదివినప్పుడు నాకు మన 'రేల' గుర్తొచ్చింది. ఏ డీజే మిక్స్‌లోనైనా అడవి ఫీల్ కావాలంటే 'రేల రేల' అని రెండు మాటలు వేసి కింద బీట్ కొడతారు. పాడిన ఊరు ఏదో, పాట ఎవరిదో ఉండదు. 'ఫోక్' అని ఒక్క ముద్ర వేసేస్తారు.

బయటోళ్ళకు మన పాట అంటే కొమ్ములు పెట్టుకొని, డోలు కొట్టి, మంత్రి గారికి స్వాగతం చెప్పేది. మనకు ప్రేమ పాటలు ఉన్నాయని ఎవరైనా అడిగారా? మా ఊర్ల పెండ్లి రాత్రి చూడాలె. ఒక పక్క మగపిల్లలు, ఇంకో పక్క ఆడపిల్లలు భుజాల మీద చేతులేసుకొని నిలబడతారు. వాళ్ళు ఒక మాట విసిరితే వీళ్ళు ఇంకో మాట తిప్పికొడతారు. గట్టు చూసుకొని, వరసైన వాళ్ళతోనే సరసం. ఇప్ప పువ్వు, తునికాకు, వాగు, సంత అన్నీ పాటలోకి వస్తాయి. తెల్లారే దాకా నడుస్తది.

సినిమా ప్రేమ పాటకూ దీనికీ నాకు కనిపించిన తేడా ఒకటుంది. చాలా సినిమా పాటల్లో అబ్బాయి ఒక్కడే పాడుతుంటాడు. బతిమాలుతాడు, పొగుడుతాడు, ఏడుస్తాడు. అమ్మాయి ఏమనుకుంటుందో పాట అయిపోయినా తెలియదు. మన పాటలో అమ్మాయి జవాబు చెప్తది. నచ్చకపోతే నచ్చలేదని పాటలోనే అందరి ముందు అనేస్తది. అబ్బాయి నవ్వి ఊరుకోవాల్సిందే. అమ్మాయి మాటకు ఇంత చోటున్న పాటను మనం వెనకబడ్డది అనుకుంటున్నాం. నాకైతే అదే ముందున్నట్టు కనిపిస్తది.

ఈ పాట ఎందుకు తగ్గిపోతుందో అందరికీ తెలుసు. చిన్నప్పుడే హాస్టల్లో పడతాం, సెలవులకు మాత్రమే ఊరు. 2014లో చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రలోకి పోయాయి. చుట్టాలు రెండు రాష్ట్రాల వాళ్ళయ్యారు. పోలవరం ముంపు ఊర్లు కాలనీలకు మారుతున్నాయి. వరసగా కట్టిన ఇండ్ల మధ్య రేల ఆడే జాగ ఎక్కడిది? 2011 జనాభా లెక్కల్లో కోయ మాట్లాడేవాళ్ళు నాలుగు లక్షలకు పైనే ఉన్నారు. అయినా మన భాష ఎనిమిదో షెడ్యూల్లో లేదు. సంతాలీ, బోడో 2003లోనే చేరాయి.

మణుగూరు మండలం కూనవరం నుంచి సకిని రామచంద్రయ్య తాతకు 2022లో పద్మశ్రీ వచ్చింది. డోలి కొట్టుకుంటూ సమ్మక్క సారక్క కథలు, మన వంశాల కథలు నోటికి పాడేవాడు. 2024లో చనిపోయాడు. పద్మశ్రీ వచ్చిన రోజు మనమందరం స్టేటస్ పెట్టుకున్నాం. ఆయన దగ్గర కూర్చొని నేర్చుకున్నోళ్ళు మనలో ఎంతమంది?

ఒక సీనియర్ అన్న నాతో అన్నాడు, "తమ్ముడూ, పాటలు అన్నం పెట్టవు. ముందు డిగ్రీ, డీఎస్సీ, గ్రూప్స్ చూసుకో" అని. అన్న మాట కొట్టిపారేసేది కాదు. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఫెయిలైతే ఇంటి పరిస్థితి ఏందో నాకు తెలుసు. కానీ పాట కోసం చదువు మానేయమని ఎవరూ అనట్లేదు. ఉద్యోగం నాలుగేళ్ళ తర్వాతైనా వస్తుంది. అమ్మమ్మ అప్పటిదాకా ఉంటదని గ్యారంటీ లేదు.

అందుకే నా మాట ఇది. ఈసారి సెలవులకు పోయినప్పుడు ఒక్క సాయంత్రం అమ్మమ్మ దగ్గరో మేనత్త దగ్గరో కూర్చుందాం. ముందు అడగాలె. పాడతా అంటే ఫోన్లో రికార్డు చేద్దాం. బయట పెట్టొద్దు అంటే రీల్ చేయొద్దు. పూజల దగ్గర పాడేవి వేరు, పెండ్లిలో పాడేవి వేరు, ఆ తేడా పెద్దలే చెప్తారు. కోయ మాటలను తెలుగు లిపిలో రాసుకొని, కింద అర్థం రాసుకుందాం. పాడినోళ్ళు ఒప్పుకుంటే పేరు, ఊరు తప్పకుండా రాయాలె. ఆగస్టు 9న మన హాస్టల్లో స్వాగత డ్యాన్సుతో పాటు ఒక ప్రేమ పాట కూడా ఉండాలె. అబ్బాయిలు ఒక పక్క, అమ్మాయిలు ఒక పక్క.

సిద్ శ్రీరామ్ పాట ఫోన్లో ఉండనీయండి, ఎవరూ తీసేయమనట్లేదు. దాని పక్కన అమ్మమ్మ పాటకు కూడా జాగ ఇవ్వండి. మీ ఊరి పెండ్లి పాటల్లో మీకు గుర్తున్నది ఏదో, ఎవరు పాడేవాళ్ళో కామెంట్లో రాయండి. రాని మాటలుంటే పెద్దలను అడిగి పూర్తి చేసుకుందాం.