మొక్కజొన్న రొట్టెకు ఏ పిండి?

ప్రశ్న: మావారికి 52 సంవత్సరాలు. మూడేళ్లుగా చక్కెర జబ్బు ఉంది. గోధుమ రొట్టె తింటే కడుపుబ్బరం అంటారు. ఎవరో చెప్పగా రాత్రిపూట అన్నం మాన్పించి మొక్కజొన్న రొట్టెలు పెడుతున్నాను. కొట్టులో తెచ్చిన కార్న్‌ఫ్లోర్ తెల్లగా ఉంది. ఎంత కలిపినా ముద్ద కాక జారిపోతోంది. సగం మైదా కలిపితేగాని రొట్టె రావడం లేదు. నెల తిరిగేసరికి రక్తంలో చక్కెర తగ్గకపోగా పెరిగింది. లోపం ఎక్కడుంది?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, లోపం మీ చేతిలో లేదు, పొట్లంలో ఉంది. మన దేశంలో కార్న్‌ఫ్లోర్ పేరుతో అమ్మే తెల్లని మెత్తని పొడి మొక్కజొన్న పిండి కాదు. గింజలోని పొట్టును, మొలకను, మాంసకృత్తులను తీసివేయగా మిగిలిన వట్టి గంజిపొడి. సూపు చిక్కబడడానికి వాడేది అదే. దానితో రొట్టె రాదు. పైగా అందులో పీచు లేదు, మాంసకృత్తులు నామమాత్రం. దానికి మీరు మైదా జోడించారు. మైదా కూడా గోధుమే కదా! అంటే గోధుమ మానిపించినట్టూ కాలేదు, చక్కెర తగ్గే దారీ పట్టలేదు.

రొట్టెకు కావలసింది ఎండు గింజను మొత్తంగా మరాడించిన పిండి. పసుపు గింజల పిండి లేత పసుపుగా, చేతికి కొంచెం గరుకుగా తగులుతుంది. కొట్లలో 'మక్కీ ఆటా' అని అడగండి. తెలంగాణలో మక్కపిండి అంటే చాలు, గిర్నీలో పట్టించి ఇస్తారు. గింజ మొలకలో నూనె ఉంటుంది కాబట్టి పిండి నిలవ ఉంటే చేదెక్కుతుంది. రెండు వారాలకు సరిపడా మాత్రమే ఆడించుకోండి.

అమెరికాలో పిల్లల దగ్గర ఉండే తల్లులకు ఒక మాట. అక్కడ మన కార్న్‌ఫ్లోర్‌ను కార్న్ స్టార్చ్ అంటారు. అక్కడి కార్న్ ఫ్లోర్ నిజంగా మొక్కజొన్న పిండే. 'మాసా హరీనా' అన్నది సున్నపు నీటిలో ఉడికించిన గింజల పిండి.

చేసే విధానం

మొక్కజొన్నలో గోధుమకున్న జిగురు లేదు. అందుకే చన్నీళ్లతో కలిపితే విరిగిపోతుంది. రెండు కప్పుల పిండిలో తగినంత ఉప్పు వేసి, కప్పు మరిగే నీళ్లు పోసి గరిటెతో కలిపి, పది నిమిషాలు మూత పెట్టండి. వేడికి పిండిలోని గంజి ఉబ్బి పట్టు వస్తుంది. చేయి ఓర్చుకోగల వేడిలో, కావలసినంత నీళ్లు చిలకరిస్తూ, అరచేతితో బాగా మర్దించండి. ఒక్క రొట్టెకు సరిపడా ముద్దనే తీసుకుని, జొన్నరొట్టె లాగా తట్టి, కాలిన పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో అద్ది, తడి ఆరగానే తిప్పండి. మైదా అవసరమే ఉండదు.

చక్కెర జబ్బువారికి ఎంత?

మొక్కజొన్న మందు కాదు, ధాన్యమే. 100 గ్రాముల పిండి ఇచ్చే శక్తి ఇంచుమించు 100 గ్రాముల బియ్యం ఇచ్చినంతే. కాబట్టి అన్నం మానేశాం కదా అని నాలుగు రొట్టెలు పెట్టకూడదు. మధ్యరకం రొట్టెలు రెండు, గిన్నెడు పప్పు, పెద్ద గిన్నెడు ఆకుకూర గాని వేరే కూర గాని – ఇదీ లెక్క. మాత్రలు మాత్రం సొంతంగా తగ్గించవద్దు. రెండు వారాల తరువాత పరగడుపున, భోజనమైన రెండు గంటలకు రక్తపరీక్ష చేయించి మీ వైద్యునికి చూపండి. గోధుమ పడదన్న సంగతి కూడా ఆయనతో చెప్పండి. విరేచనాలు, బరువు తగ్గడం, రక్తహీనత ఉంటే దానికి వేరే పరీక్షలు అవసరం.

పప్పు ఎందుకు తప్పనిసరి?

మొక్కజొన్నలో నియాసిన్ అనే విటమిను ఉన్నా, అది మన పేగులు పీల్చుకోలేని రూపంలో బంధించబడి ఉంటుంది. శరీరం దానిని తయారుచేసుకోవడానికి కావలసిన ట్రిప్టోఫాన్ కూడా ఇందులో తక్కువే. మొక్కజొన్న తప్ప వేరే తిండి లేని పేదలకు పెల్లాగ్రా అనే జబ్బు వచ్చేది. ఎండ తగిలే మెడ, చేతులు నల్లబడి పొలుసులు లేస్తాయి. విరేచనాలు పట్టుకుంటాయి. చివరకు మతి చలిస్తుంది. 1735లో స్పెయిన్‌లో కాసల్ అనే వైద్యుడు దీనిని వర్ణించాడు. ఇది అంటురోగం కాదనీ, తిండి లోపమనీ 1914 నుండి అమెరికాలో గోల్డ్‌బర్గర్ పట్టుదలతో నిరూపించాడు. మన హైదరాబాదులో డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకాంతయ్య జొన్న తినేవారిలోని పెల్లాగ్రాను పరిశీలించి, జొన్నలో లూసిన్ ఎక్కువ కావడం కారణం కావచ్చునని 1960లో సూచించారు. ఈనాడు ఈ జబ్బు ముఖ్యంగా తిండి మాని తాగుడుకు బానిసైనవారిలో కనిపిస్తున్నది.

మొక్కజొన్న పుట్టిన మెక్సికో దేశస్థులకు ఈ బెడద లేకపోవడానికి కారణం సున్నం. గింజలను సున్నపునీటిలో ఉడికిస్తే విటమిను విడివడుతుంది, కొంత కాల్షియం కూడా చేరుతుంది. ఓపిక ఉన్నవారు చేయవచ్చు. కిలో గింజలకు 3 లీటర్ల నీళ్లు, 10 గ్రాముల పొడి తినే సున్నం. స్టీలు పాత్రలో 40 నిమిషాలు సన్నసెగ మీద ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, పొట్టు పోయేలా నాలుగైదు నీళ్లు కడిగి, గట్టిగా రుబ్బుకుని రొట్టెలు తట్టాలి. గోడలకు వేసే సున్నం వాడకూడదు. అల్యూమినియం పాత్ర పనికిరాదు. సున్నం కంట పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. పిల్లలకు అందనివ్వకండి. పొరపాటున పడితే వెంటనే ధారగా మంచినీళ్లతో కడుగుతూ ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇది మాత్రం మరువకండి

1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామాలలో వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని 400 మందికి దగ్గరగా కామెర్లతో, జలోదరంతో మంచం పట్టారు. 100 మందికి పైగా మరణించారు. అదే తిండి తిన్న కుక్కలూ చనిపోయాయి. బూజు వల్ల పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషమే కారణమని తేలింది. రొట్టె కాల్చినంత మాత్రాన ఈ విషం పోదు. బూజు దులిపి వాడినా లాభం లేదు.

కాబట్టి కోళ్లదాణాకు తెచ్చిన గింజలు చవక అని కొనవద్దు. మందు కలిపి రంగు వేసిన విత్తనపు గింజలు ఎంత కడిగినా తినరాదు. నల్లబడిన, ఆకుపచ్చ బూజు కనిపించిన, ముక్క వాసన వేసే గింజలను పారవేయండి, పశువులకు కూడా వేయకండి. మంచి గింజలను కొరికితే పటుక్కుమనేదాకా ఎండబెట్టి, తడి తగలని డబ్బాలో నిలవచేయండి.

తల్లీ, ఆ తెల్ల పొట్లాన్ని సూపుకు అట్టేపెట్టండి. మీవారికి మక్కపిండి రొట్టె, పక్కన పప్పు, ఆకుకూర వడ్డించండి. రెండు వారాల తరువాత రక్తపరీక్ష ఫలితం రాయండి.