ఎవరి కుంపటి వాళ్ళదే!

"ఇంటర్నెట్ టెలిఫోనీ - సాంకేతిక సవాళ్ళు" అనే ప్రెజెంటేషన్ ఎప్పుడు చూసినా అవే నాలుగు స్లైడ్లు. లేటెన్సీ, జిట్టర్, పాకెట్ లాస్, ఎకో. పదిహేనేళ్ళ క్రితమూ అవే, ఇప్పుడూ అవే. మనం తలలూపి, టీ తాగి, సీటుకొచ్చి కూర్చుంటాం. నాకు మాత్రం ఈ స్లైడ్లు చూస్తే ఒళ్ళు మండుతోంది. అవి సమస్యలు కావని కాదు. వాటికి మందు కనిపెట్టి చాలా కాలమైంది. అసలు జబ్బు వేరే ఉంది, దానికి మాత్రం ఎవరూ స్లైడ్ వెయ్యరు.

ముందు లెక్కలు చూద్దాం. మాట ఇటునుంచి అటు చేరడానికి 150 మిల్లీసెకన్లలోపు పడితే సంభాషణ హాయిగా సాగుతుందని ఐటీయూ వాళ్ళ జీ.114 సిఫార్సు. ఫైబర్లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాదు నుంచి న్యూయార్క్ దాదాపు 13 వేల కిలోమీటర్లు, అంటే 65 మిల్లీసెకన్లు. కేబుల్ వంకర్లు తిరిగి వెళ్ళినా 150 దరిదాపుల్లోనే ఉంటాం.

ఇక బ్యాండ్‌విడ్త్. పాత జీ.711 కోడెక్‌లో 20 మిల్లీసెకన్లకో పాకెట్ పంపితే, అందులో మాట 160 బైట్లు, ఐపీ-యూడీపీ-ఆర్టీపీ హెడర్లు 40 బైట్లు. మొత్తం 80 కిలోబిట్లు. పొదుపు చేద్దామని జీ.729 వాడితే మాట 20 బైట్లు, హెడర్లు మళ్ళీ అదే 40! సరుకు కన్నా సంచీ బరువు ఎక్కువన్నమాట :) అయినా మొత్తం 24 కిలోబిట్లే. 56కే మోడెం రోజుల్లో ఇది నిజంగా సవాలే. ఇప్పుడు కాదు.

కోడెక్ కావాలా? 2012లో ఓపస్ వచ్చింది, రాయల్టీ లేదు, నడుమ కొన్ని పాకెట్లు పోయినా సర్దుకుంటుంది. ఎకో క్యాన్సిలేషన్ కావాలా? 2011లో గూగుల్ వెబ్ఆర్టీసీ సోర్సు బయటపెట్టింది, అందులోనే ఉంది. నాట్ వెనకాల ఇరుక్కున్నారా? స్టన్, టర్న్, ఐస్ ఉన్నాయి. ఇంట్లో ఒకరు ఫోటోలు అప్‌లోడ్ పెడితే ఇంకొకరి కాల్ నత్తి కొడుతుంది చూడండి, ఆ రూటర్ క్యూల జబ్బుకి కూడా ఎఫ్‌క్యూ-కోడెల్ ఉంది. అది రూటర్లో లేకపోతే ఆ తప్పు తయారీదారుడిది, సైన్సుది కాదు.

మరి అసలు జబ్బేంటి? గోడలు.

పాత టెలిఫోన్ గొప్పతనం దాని క్వాలిటీ కాదు. ఏ కంపెనీ ఫోన్ నుంచైనా ఏ కంపెనీ ఫోన్‌కైనా మోగేది. ఇంటర్నెట్లో అదే పని చెయ్యడానికి 1999లోనే సిప్ ప్రమాణం వచ్చింది, 2002లో ఆర్ఎఫ్‌సీ 3261గా స్థిరపడింది. ఈమెయిల్ లాంటి చిరునామా, ఎవరి సర్వర్ వాళ్ళది, అయినా ఒకరికొకరు కాల్ చేసుకోవచ్చు. మనవాళ్ళేం చేశారు? స్కైప్ 2003లో సొంత ప్రోటోకాల్‌తో మొదలైంది. గూగుల్ టాక్ 2006లో బయటి ఎక్స్ఎంపీపీ సర్వర్లకి తలుపు తీసింది, 2013లో హ్యాంగౌట్స్ తెచ్చి ఆ దారి మూసెయ్యడం మొదలుపెట్టింది. 2010లో స్టీవ్ జాబ్స్ స్టేజీ మీద ఫేస్‌టైంని ఓపెన్ స్టాండర్డ్ చేస్తామన్నాడు. ఇప్పటికీ చెయ్యలేదు. 2015లో వాట్సాప్ కాల్స్ వచ్చాయి, అదింకో కుంపటి.

తమాషా ఏంటంటే, మీ జేబులో ఉన్న ఫోన్లో సిప్ ఉంది! వోల్టీ కాల్ కలిపేది సిప్పే. 2016లో జియో 2జీ, 3జీ లేకుండా మొదలైంది, అక్కడ ప్రతి మాటా ఐపీ మీదే. అంటే టెక్నాలజీ కోట్ల మంది మీద పనిచేసి చూపించింది. మనసే లేదు.

ప్రభుత్వాలూ తక్కువ తినలేదు. మన దేశంలో 2002 ఏప్రిల్ 1 నుంచి ఐఎస్పీలకి ఇంటర్నెట్ టెలిఫోనీ అనుమతించారు, కానీ కంప్యూటర్ నుంచి అమెరికా ఫోన్‌కి చెయ్యొచ్చు, పక్కవీధి ఫోన్‌కి చెయ్యకూడదు! ఈ ముడి విప్పడానికి 2018 దాకా పట్టింది. మధ్యలో 2014 డిసెంబరులో ఎయిర్‌టెల్ నెట్ కాల్స్‌కి వేరే రేటు ప్రకటించి, జనం గోల చేస్తే వెనక్కి తీసుకుంది. ఇవన్నీ ఏ స్లైడులోని సవాళ్ళు?

"ఓపెన్ చేస్తే స్పాం వస్తుంది" అంటారు. ఈమెయిల్‌కీ వచ్చింది, మూసేశామా? పైగా "డిజిటల్ అరెస్ట్" మోసగాళ్ళు ఫోన్ చేస్తోంది ఈ మూసిన యాప్‌లలోంచే. "ఎన్‌క్రిప్షన్ పాడవుతుంది" అంటారు. కష్టమే, ఒప్పుకుంటాను. కానీ యూరప్ వాళ్ళ డిజిటల్ మార్కెట్స్ చట్టం, ఆ భద్రత తగ్గకుండానే మెసేజీలు, తర్వాత కాల్స్ కలపమంటోంది. చట్టం వచ్చాకే వాట్సాప్ అక్కడ తలుపు తెరవడం మొదలుపెట్టింది. అంతకుముందు అడ్డొచ్చింది గణితమా, వ్యాపారమా?

ఇది ఇంజనీర్ల ముచ్చట కాదు. 2025 మే 5న స్కైప్ మూసేశారు. పిల్లలు విదేశాల్లో ఉన్న ఎంతమంది పెద్దవాళ్ళు తంటాలుపడి ఆ నీలం బొమ్మ నొక్కడం నేర్చుకున్నారో! టెలిఫోన్ కంపెనీ మూతపడితే నంబరు ఇంకో కంపెనీకి మార్చుకోవచ్చు. యాప్ మూతపడితే మళ్ళీ మొదటికి. ఇంకో మాట - పాత ల్యాండ్‌లైన్‌కి కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది, ఇంట్లో కరెంటు పోయినా మోగేది. ఇప్పుడు రూటర్ ఆరితే కాల్ ఆరుతుంది. గుండెనొప్పి వస్తే వాట్సాప్ నుంచి 108కి చెయ్యలేం. దీన్ని ప్రగతి అనుకుంటూ ల్యాండ్‌లైన్లు పీకేసుకున్నాం.

ఈ గోడలు కట్టింది ఎవరో కాదు, మనమే. డిజైన్ రివ్యూల్లో కూర్చునేది మనమే. వాయిస్ ఫీచర్ వచ్చినప్పుడు కోడెక్ గురించి గంటసేపు కొట్టుకుంటాం. ఈసారి ఒక్క ప్రశ్న అడిగి చూడండి: "మన యాప్ లేనివాడు దీనికి ఎలా కాల్ చేస్తాడు?" రూములో నిశ్శబ్దం వస్తుంది. ఆ నిశ్శబ్దాన్ని నాలుగు స్లైడ్ల తర్వాత ఐదో స్లైడుగా పెట్టండి.