పాత మానుకు కొత్త అంటు

రెడ్డిగూడెం తోటల్లో ముసలి మామిడికి కాపు తగ్గితే వేళ్లతో పెకలించనక్కర్లేదు. కొమ్మలు నరికి, కొత్తగా వచ్చిన రెమ్మలకు మంచి రకం అంటు కడితే అదే మాను మళ్లీ కాస్తుంది. మరి కాయలమ్మిన డబ్బుతో అమ్మాయి చదువుకని కొన్న ల్యాప్‌టాప్ సంగతి? నాలుగేళ్లకే బ్యాటరీ నిలవదు, ర్యామ్ చాలదు. చాలా పల్చటి మోడళ్లలో ర్యామ్‌ను బోర్డుకే సోల్డరింగ్ చేసేస్తారు. పెంచుకుందామన్నా కుదరదు!

ఈ చిక్కు తప్పించాలనే అమెరికాలో నీరవ్ పటేల్ స్థాపించిన ఫ్రేమ్‌వర్క్ కంపెనీ 2021లో భాగాలు మార్చుకునే ల్యాప్‌టాప్ తెచ్చింది. వాడినవాళ్లు మరికొన్ని అడిగారు... బ్యాటరీ ఇంకాసేపు రావాలి, స్పీకర్లు గట్టిగా వినపడాలి, మూత బందులు వదులవకూడదని. 2023లో 55 వాట్-అవర్ల బ్యాటరీ 61 అయింది. స్పీకర్ల శబ్దం పెరిగింది, బందులు బిగిశాయి. విశేషమేంటంటే, ఇవన్నీ 2021 నాటి ల్యాప్‌టాప్‌కూ బిగించుకోవచ్చు. 2025లో వచ్చిన ప్రాసెసర్ బోర్డు కూడా! కాకపోతే దానికి తగ్గ ర్యామ్ కొనుక్కోవాలి.

మీరు ఏ కంపెనీది కొంటున్నా షాపులో మూడు ప్రశ్నలు వేయండి. ర్యామ్ పెంచుకోవచ్చా? ఎస్‌ఎస్‌డీ మార్చుకోవచ్చా? బ్యాటరీ విడిగా దొరుకుతుందా? మూడింటికీ 'లేదు' అంటే, అంటు కట్టడానికి వీల్లేని చెట్టును కొంటున్నట్టే.