మార్గం గీసే ముందు మొహల్లాను అడగాలి

హైదరాబాద్ మెట్రో మొదటి దశలో తలపెట్టిన మూడు మార్గాల్లో పూర్తికాకుండా మిగిలింది ఒకే ఒక్క ముక్క. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషన్ నుంచి బయలుదేరిన రైలు మూసీ పక్కన మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దగ్గరే ఆగిపోయింది. అక్కడి నుంచి ఫలక్‌నుమా దాకా ఉన్న ఐదున్నర కిలోమీటర్లే ఆ ముక్క. నగరం పుట్టిన చోటికి నగరపు రైలు అందరికన్నా చివర వస్తోంది. 2024 మార్చి 8న ఫారూఖ్‌నగర్ వద్ద ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. తరువాత మార్గాన్ని చాంద్రాయణగుట్ట వరకు, అంటే ఏడున్నర కిలోమీటర్లకు పెంచారు. ఆలస్యమైనా దీనిని మేము స్వాగతిస్తున్నాము. ఇన్నేళ్లుగా అడిగినది ఇస్తామంటున్నప్పుడు వద్దనే అవివేకం మాకు లేదు.

అయితే ఈ పనిలో ప్రజలను అడిగిన తీరు మాత్రం మాకు సమ్మతం కాదు. దారుల్ షిఫా, పురానీ హవేలీ, హరిబౌలి, శాలిబండ, అలియాబాద్‌ల మీదుగా సాగే ఈ మార్గంలో ఇళ్లు, దుకాణాలు కోల్పోయే యజమానులకు నోటీసులు అందాయి. చదరపు గజానికి 81 వేల రూపాయల చొప్పున పరిహారం ప్రకటించారు. ఆ ధర చాలునా చాలదా అన్నది వేరే చర్చ. ఇక్కడ గమనించవలసింది ఒకటే: ప్రభుత్వం మాట్లాడినది పట్టా చేతిలో ఉన్నవారితో. ఆ ఇంట్లో రెండు తరాలుగా అద్దెకున్న కుటుంబం, ఆ దుకాణంలో జీతానికి నిలబడిన కుర్రవాడు, దాని మెట్ల మీద తట్ట పెట్టుకున్న ఆమె ఆ సంభాషణలో ఎక్కడ? 2013 నాటి భూసేకరణ చట్టమే సొంత భూమి లేకపోయినా మూడేళ్లుగా అక్కడ పనిచేస్తూ జీవనోపాధి కోల్పోయేవారిని బాధిత కుటుంబాలుగా గుర్తించింది. చట్టానికి కనిపించిన మనిషి సర్వే పుస్తకానికి కనిపించకపోవడం వింతే.

ఇది కోల్పోయేవారి మాట. ఎక్కేవారి మాట ఇంకా తక్కువ వినబడుతోంది. తలాబ్‌కట్ట నుంచో, యాకుత్‌పురా నుంచో, హుస్సేనీఆలం గల్లీల నుంచో స్టేషన్ దాకా మనిషి ఎలా రావాలి? పెద్ద బస్సు ఆ గల్లీల్లో తిరగదు. ఆటోకు ఇచ్చే కిరాయి రైలు టికెట్‌ను మించితే రైలు ఎవరి కోసం? 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వచ్చింది. అది మంచి పని. కానీ బస్సే రాని వీధిలో జీరో టికెట్‌కు విలువ ఏపాటిది? మగ్గం పని సరుకు మోసుకుని మదీనా సర్కిల్‌కు వచ్చే స్త్రీకి ఏ వేళ బస్సు కావాలో ఆమెకు తెలుసు. ప్రణాళిక వేసే గదిలో ఆమె లేదు.

పరిష్కారం మన ఊరికి కొత్తది కాదు. 1978లో ఏర్పడిన సెట్విన్ సంస్థ చిన్న బస్సులను పాతబస్తీ ఇరుకు దారుల్లో నడిపింది. పేదవాడికి ప్రయాణం దొరికింది, నిరుద్యోగ యువకులకు ఉపాధి దొరికింది. ఆ తరం వారు సెట్విన్ బస్సును ఇప్పటికీ తలుచుకుంటారు. పీఎం ఇ-డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కు 2,000 విద్యుత్ బస్సులు కేటాయించారు. వాటిలో ఇరుకు దారులకు సరిపోయే చిన్నవి ఎన్ని? ఫలక్‌నుమా, ఫారూఖ్‌నగర్ డిపోలకు ఎన్ని? పొగ లేని బస్సులన్నీ ఐటీ కారిడార్‌లో తిరిగి, పొగంతా చార్మినార్ గోడలకూ మన పిల్లల ఊపిరితిత్తులకూ మిగిలితే దానిని పర్యావరణ హితమని పిలవలేము.

అడగడానికి చట్టం లేదనే సాకు చెల్లదు. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగ 74వ సవరణ చెప్పి మూడు దశాబ్దాలు దాటింది. మీ మొహల్లాలో అది చివరిసారి ఎప్పుడు కూర్చుందో పాఠకులే చెప్పాలి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం స్థానాలు వ్యాపారులకే ఇచ్చింది. బస్సు మార్గాలు నిర్ణయించే చోట ప్రయాణికుడికి అటువంటి కుర్చీ ఒక్కటీ లేదు. వాహనాలను కాదు, మనుషులను కదిలించడమే లక్ష్యమని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం రాసుకుంది. రాసుకున్నది బాగుంది.

దస్త్రాల మధ్య జీవితం గడిపినవారిగా మాకు తెలిసిన సంగతి ఒకటుంది. సభలో పెట్టిన కేక ఫైలులోకి రాదు. ఇన్‌వర్డ్ నంబరు పడిన కాగితమే వస్తుంది. కాబట్టి ప్రతి మొహల్లాలో ఒక చిన్న బృందం కూర్చోవాలి. మస్జిద్ కమిటీ వారూ, పక్క వీధి దేవాలయ కమిటీ వారూ కలిసే కూర్చోవాలి. గుంతల రోడ్డు ఇద్దరిదీ. మగవారు మాత్రమే హాజరైన సమావేశంలో బస్సు వేళలు తేల్చకండి. ఆడవారికి వీలైన పూట, వారికి వీలైన ఇంట్లో మరోసారి కూర్చోండి. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని గంటలకు, ఎంత ఖర్చుతో పోతున్నారో రాయండి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో రెండు ప్రశ్నలు పంపండి: మా స్టేషన్‌కు చేర్చే బస్సుల ప్రణాళిక ఏది, అద్దెదారుల జాబితా ఏది? జవాబుకు గడువు 30 రోజులు. వచ్చిన జవాబు ప్రతిని, రాకపోతే మీ దరఖాస్తు రసీదును మాకు పంపండి. తెలుగులో ఉన్నా ఉర్దూలో ఉన్నా ఈ పత్రికలో అచ్చు వేస్తాము.