గురి కుదిరితే చాలునా?

ఫ్యాక్షన్ సీమలో పోలీసులకు తుపాకి శిక్షణ చాలడం లేదనీ, యేటా గురిపరీక్ష పెట్టి నెగ్గినవాడికే ఆయుధం యివ్వాలనీ కొందరు పెద్దమనుషుల వాదన. పరీక్ష వద్దని యెవరంటారు? చేతకానివాడికి తుపాకి యిస్తే దారినపోయేవాడికే ముప్పు.

కాని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలో కొరవడినది గురేనా? అక్కడ ప్రాణాలు తీసినవి ప్రధానంగా నాటుబాంబులు, వేటకొడవళ్లు. 1998లో వై.యస్. రాజారెడ్డిని బాంబులు వేసి చంపారు. 2019లో వివేకానందరెడ్డిని పులివెందులలో ఆయన యింట్లోనే నరికి చంపారు. వీటిలో యే కానిస్టేబులు గురి తప్పాడని? తుపాకి పట్టిన పోలీసు ఆ సీమలో జనానికి కనబడేది నాయకుడి వాకిట్లో, గన్‌మన్ అనే పేరుతో. ప్రజల సొమ్ము జీతంగా తీసుకొని నాయకుడి వెనక నడిచేవాడికి గురి కుదిరితే రైతుకూలీకి ఒరిగేదేమిటి?

పోనీ, తుపాకులు పేలిన చోట్లు చూద్దాం. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో, విద్యుత్ ఛార్జీల పెంపును యెదిరించిన జనంపై కాల్పులు, ముగ్గురి మృతి. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో 20 మంది తమిళ కూలీలు. ఎదురుకాల్పులని అధికారుల మాట. అక్కడ కూడా కొరత గురిలోనేనా?

1990లో హవానాలో ఐక్యరాజ్యసమితి మహాసభ ఆమోదించిన సూత్రాలు శిక్షణ లేనివాడికి తుపాకి యివ్వవద్దన్నాయి. నచ్చజెప్పడం, మధ్యవర్తిత్వం, గుంపు తీరు తెలుసుకోవడం కూడా నేర్పమన్నాయి. మన పెద్దమనుషులు మొదటి సగం చదివి కాగితం మడిచారు. పరీక్ష పెట్టేటట్లయితే ఆ రెండవ సగంలో కూడా పెట్టండి. కానిస్టేబులుకే కాదు, కాల్చమని ఆజ్ఞ యిచ్చే అధికారికి కూడా.